రెండో సర్వర్ ఉంది, కానీ నిలబడుతుందా?

2018 అక్టోబర్ 21న గిట్‌హబ్‌లో, అంటే ప్రోగ్రామర్లు తమ కోడ్ దాచుకునే సైట్‌లో, ఒక మామూలు మెయింటెనెన్స్ పని జరుగుతోంది. పాడవుతున్న ఒక ఆప్టికల్ నెట్‌వర్క్ పరికరాన్ని తీసి కొత్తది పెడుతున్నారు. ఆ పనిలో అమెరికా తూర్పు తీరంలోని వాళ్ల ప్రధాన డేటా సెంటర్‌కు లింకు తెగిపోయింది. 43 సెకన్లకు మళ్లీ వచ్చేసింది. కానీ ఆ దెబ్బ నుంచి సైట్ పూర్తిగా తేరుకోవడానికి 24 గంటల 11 నిమిషాలు పట్టింది.

ఇందులో నన్ను పట్టి ఆపే సంగతి ఒకటుంది. అక్కడ ఏదో లేకపోవడం వల్ల ఇలా జరగలేదు. వేరే చోట ఇంకో డేటా సెంటర్ ఉంది. అందులో డేటాబేస్ కాపీలు ఉన్నాయి. ప్రధాన డేటాబేస్ అందకపోతే ఇంకోదానికి పెత్తనం అప్పగించే ప్రోగ్రామ్ కూడా ఉంది. ఆ ప్రోగ్రామ్ తనకు చెప్పిన పని చెప్పినట్టే చేసింది. తూర్పు తీరం కనబడకపోయేసరికి పశ్చిమ తీరంలోని డేటాబేస్‌లను ప్రధానం చేసేసింది. అప్పటికి తూర్పున రాసిన కొన్ని మార్పులు పశ్చిమానికి చేరలేదు. బాగా రద్దీగా ఉండే ఒక్క డేటాబేస్ సర్వర్ల గుంపులోనే అలాంటివి 954 ఉన్నాయి. ఇటు పశ్చిమంలో కొత్త మార్పులు పడుతున్నాయి. కాసేపటికి తూర్పున ఉన్నది పశ్చిమంలో లేదు, పశ్చిమంలో ఉన్నది తూర్పున లేదు. ఏది పారేసినా ఎవరో ఒకరి పని పోతుంది. సైట్ నెమ్మదించినా ఫర్వాలేదు, డేటా మాత్రం పోకూడదని అక్కడి ఇంజనీర్లు నిర్ణయించుకున్నారు. అది సరైన నిర్ణయమని నా అభిప్రాయం. అందుకే అంతసేపు పట్టింది.

క్లౌడ్‌లో సైట్ నడిపేవాళ్లకు తెలియాల్సిన తేడా ఇదే. రెండోది ఉండటం వేరు, అవసరం వచ్చినప్పుడు అది నిలబడటం వేరు. ఉందో లేదో డిజైన్ చూస్తే తెలుస్తుంది. నిలబడుతుందో లేదో మనమే మొదటిదాన్ని ఆపి చూస్తే తప్ప తెలియదు.

క్లౌడ్ అంటే వేరొకరి డిస్కులే

సైట్‌ను క్లౌడ్‌లో పెట్టేస్తే హార్డ్‌వేర్ గొడవ ఇక మనది కాదని చాలామంది అనుకుంటారు. సగం నిజమే. కాలిపోయిన పవర్ సప్లైని మనం మార్చక్కర్లేదు. కానీ అది కాలిన క్షణంలో దాని మీద నడుస్తున్న మన సర్వర్ ఆగిపోతుంది. ఆ సంగతి చూసుకోవాల్సింది మాత్రం మనమే.

డిస్కులు ఎంత తరచుగా పోతాయో గూగుల్ ఇంజనీర్లు 2007లో లక్షకు పైగా డ్రైవ్‌ల మీద చూసి లెక్క ప్రచురించారు. మొదటి ఏడాదిలో నూటికి 1.7 చొప్పున పోయాయి. మూడేళ్ల వయసున్నవాటిలో అది 8.6కు పైగా ఉంది. ఇంట్లో ఒకే కంప్యూటర్ ఉన్నవాడికి ఇవి చిన్న అంకెలు. వెయ్యి డిస్కులున్న చోట ఏటా రెండు శాతం పోయినా ఇరవై, అంటే పద్దెనిమిది రోజులకొకటి. లక్షల డిస్కులున్న క్లౌడ్ సంస్థకు ఇది రోజూ ఉండే పని. అందుకే వాళ్లు ఒక్కో సర్వర్‌కు ఇచ్చే హామీ చిన్నదిగానే ఉంటుంది. సర్వర్లు అద్దెకిచ్చే అమెజాన్ ఈసీ2 సేవ ఒప్పందంలో ఒక్క సర్వర్‌కు నెలకు 99.5 శాతం అంటారు. అంటే నెలలో దాదాపు మూడున్నర గంటలు ఆగినా మాట తప్పినట్టు కాదు. అదే సైట్‌ను ఒకటికి మించిన జోన్లలో నడిపితే 99.99 శాతం, అంటే నెలకు నాలుగు నిమిషాలు చిల్లర. మాట తప్పితే దక్కేది బిల్లులో కొంత తగ్గింపే తప్ప, పోయిన ఆర్డర్లు వెనక్కి రావు.

జోన్ అంటే కరెంటు, కూలింగ్, నెట్‌వర్క్ విడివిడిగా ఉండేలా కట్టిన డేటా సెంటర్ల గుంపు. ఈ విడివిడిగా అన్న మాట మీదే లెక్కంతా ఆధారపడి ఉంది. 99 శాతం పనిచేసే సర్వర్లు రెండు పెడితే, రెండూ ఒకేసారి పోయే అవకాశం పదివేలలో ఒకటి. కానీ ఒకటి పోవడానికీ ఇంకోటి పోవడానికీ సంబంధం లేనప్పుడే ఈ లెక్క నిలుస్తుంది. రెండూ ఒకే కరెంటు లైను మీద ఉంటే అది రెండు కాదు, ఒకటే. 2021 మార్చి 10న స్ట్రాస్‌బర్గ్‌లో ఓవీహెచ్ సంస్థ డేటా సెంటర్ తగలబడినప్పుడు కొందరు కస్టమర్ల అసలు డేటాతో పాటు బ్యాకప్‌లు కూడా పోయాయి, రెండూ ఒకే ప్రాంగణంలో ఉండటం వల్ల.

ఒకదాని మీద ఒకటి ఆధారపడే భాగాల లెక్క దీనికి తలకిందులు. వచ్చే జనాన్ని సర్వర్లకు పంచే లోడ్ బ్యాలన్సర్, వెబ్ సర్వర్, తరచూ అడిగే డేటాను దగ్గర ఉంచుకునే క్యాష్, డేటాబేస్ నాలుగూ తలో 99.9 శాతం పనిచేస్తాయనుకుందాం. సైట్ బతకాలంటే నాలుగూ బతకాలి కాబట్టి మొత్తం 99.6కి పడుతుంది. అంటే ఏడాదికి దాదాపు 35 గంటలు సైట్ ఉండదు.

ముందు దేన్ని కొలవాలి

పరీక్ష మొదలుపెట్టే ముందు సైట్ బాగానే ఉంది అంటే ఏమిటో ఒక్క అంకెలో చెప్పుకోవాలి. సీపీయూ ఎంత, మెమరీ ఎంత అన్నవి ఇక్కడ పనికిరావు. నెట్‌ఫ్లిక్స్‌లో సెకనుకు ఎంతమంది ప్లే నొక్కితే వీడియో మొదలైంది అన్నదాన్ని చూస్తారు. అమ్మకాల సైట్ అయితే నిమిషానికి పూర్తయిన ఆర్డర్లు, పరీక్షా ఫలితాల సైట్ అయితే రెండు సెకన్లలోపు తెరుచుకున్న పేజీలు. వాడేవాళ్లకు అందిందా లేదా అన్నది ఆ అంకెలో కనబడాలి. ఇది లేకుండా సర్వర్లు ఆపుతూ పోతే చివరికి అందరూ తలో మాట చెబుతారు.

ఆ అంకె పక్కన రెండు హద్దులు రాసి పెట్టుకోవాలి. ఎంతసేపట్లో మామూలు స్థితికి రావాలి అన్నది ఒకటి. ఎంతసేపటి డేటా పోతే భరించగలం అన్నది రెండోది. ఈ రెండో ప్రశ్న ఇంజనీర్ ఒక్కడే తేల్చేది కాదు. వ్యాపారం నడిపేవాళ్లను కూర్చోబెట్టి అడగాలి.

మర్యాదగా ఆపితే పరీక్ష కాదు

చాలా టీమ్‌లు చేసే మొదటి పరీక్ష, కన్సోల్‌లోకి, అంటే క్లౌడ్ సంస్థ ఇచ్చే కంట్రోల్ పేజీలోకి, వెళ్లి ఒక సర్వర్‌ను ఆపడం. చేయాల్సిందే, చాలా సంగతులు బయటపడతాయి. లోడ్ బ్యాలన్సర్ ప్రతి 30 సెకన్లకు ఒకసారి బతికే ఉన్నావా అని అడిగి, రెండుసార్లు జవాబు రాకపోతే పక్కన పెట్టేలా ఉందనుకోండి. దాదాపు నిమిషం పాటు పోయిన సర్వర్‌కే జనాన్ని పంపుతూ ఉంటుంది. రెండే సర్వర్లుంటే ఆ నిమిషంలో సగం మందికి పేజీ రాదు. లాగిన్ వివరాలు ఆ సర్వర్ మెమరీలోనే దాచి ఉంటే దాన్ని వాడుతున్నవాళ్లంతా ఒక్కసారిగా లాగౌట్ అయిపోతారు. అప్‌లోడ్ చేసిన ఫొటోలు దాని లోకల్ డిస్క్‌లో ఉంటే అవి ఇక లేవు. కొత్త సర్వర్ దానంతటది లేస్తుందనుకుంటాం. తీరా చూస్తే లేచేటప్పుడు ఎక్కడి నుంచో డౌన్‌లోడ్ చేసుకోవాల్సిన ప్యాకేజీ ఇప్పుడు అక్కడ ఉండదు.

మిగిలినవాటి మీద పడే బరువు సంగతి ఇంకా ముఖ్యం. రెండు సర్వర్లు చెరో 60 శాతం లోడ్‌తో నడుస్తుంటే గ్రాఫ్ చూడ్డానికి బాగానే ఉంటుంది. ఒకటి పోతే రెండోదాని మీద 120 శాతం పడుతుంది, అదీ కూలుతుంది. మూడు జోన్లలో నడిపేటప్పుడు ఒకటి పోయినా తట్టుకోవాలంటే ఏదీ 66 శాతం దాటకూడదు. నిజానికి అంతకన్నా బాగా కిందే ఉండాలి. ఎందుకంటే నూరు శాతం దగ్గరికి వచ్చేకొద్దీ క్యూ పెరిగిపోయి, పేజీ వచ్చే సమయం ఒక్కసారిగా ఎగబాకుతుంది.

అయితే కన్సోల్ నుంచి ఆపడంలో ఒక మోసం ఉంది. దీని దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే పరీక్ష పాసయ్యామనుకుని ధైర్యంగా ఉన్న సైట్లు కూలేది ఇక్కడే.

కన్సోల్‌లో స్టాప్ నొక్కితే ఆపరేటింగ్ సిస్టమ్‌కు కబురు వెళ్తుంది. అది ప్రోగ్రామ్‌లను మూసి, తెరిచి ఉన్న కనెక్షన్లన్నిటికీ నేను వెళ్తున్నానని చెప్పి వెళ్తుంది. ప్రోగ్రామ్‌ను బలవంతంగా చంపినా అంతే, దాని తరఫున ఆపరేటింగ్ సిస్టమే కనెక్షన్లు మూసేస్తుంది. అవతలివాళ్లకు వెంటనే తెలుస్తుంది, వేరే సర్వర్‌కు వెళ్తారు. పరీక్ష పాస్. కానీ మదర్‌బోర్డు కాలినప్పుడు, నెట్‌వర్క్ స్విచ్ పోయినప్పుడు ఎవరూ చెప్పి వెళ్లరు. అవతలివైపు నుంచి ఏ శబ్దమూ రాదు. ఇవతలివాడు జవాబు వస్తుందేమోనని కూర్చునే ఉంటాడు. లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ డిఫాల్ట్ సెట్టింగులతో, పంపిన డేటా చేరినట్టు కబురు రాకపోతే మళ్లీ మళ్లీ పంపి చూసి, సుమారు 15 నిమిషాల తర్వాత గానీ ఆశ వదులుకోదు. డేటా చేరిపోయి జవాబు కోసమే ఎదురుచూస్తుంటే ఇంకా ఘోరం. కీప్‌అలైవ్ అనే తనిఖీ ఆన్ చేసి ఉన్నా, డిఫాల్ట్‌గా అది మొదలయ్యేదే రెండు గంటల తర్వాత. మన ప్రోగ్రామ్‌లో మనం టైమౌట్, అంటే ఇంతసేపే ఆగాలన్న గడువు, పెట్టుకోకపోతే ఇవే గతి.

ఇది ఊహించి చెప్పేది కాదు. 2012 జూన్ 29 రాత్రి తుఫానుకు వర్జీనియాలో కరెంటు పోయి, అమెజాన్ డేటా సెంటర్ ఒకదానిలో జనరేటర్లు సరిగా అందుకోలేదు. నెట్‌ఫ్లిక్స్ అప్పటికే మూడు జోన్లలో నడుస్తోంది. సర్వర్లను చంపి చూసే పరీక్షలూ చేస్తోంది. అయినా పడిపోయింది. ఆ పోయిన జోన్‌లోని సర్వర్లకు వెళ్లిన రిక్వెస్ట్‌లు దారి లేదని వెనక్కి రాకుండా అలాగే వేలాడుతూ ఉండిపోయాయని, పోయిన సర్వర్లు వాళ్ల సొంత లోడ్ బ్యాలన్సింగ్ జాబితా నుంచి తొలగకపోవడంతో బోలెడు ట్రాఫిక్ అటే పోయిందని తర్వాత వాళ్లే వివరంగా రాశారు.

కాబట్టి రెండో పరీక్షలో సర్వర్‌ను ఆపకూడదు. దానికి వచ్చే, పోయే ప్యాకెట్లను (నెట్‌వర్క్‌లో వెళ్లే డేటా ముక్కలను) ఫైర్‌వాల్ దగ్గర చప్పుడు కాకుండా పారేయాలి. లినక్స్ ఫైర్‌వాల్ టూల్ ఐపీటేబుల్స్‌లో రిజెక్ట్ అని పెడితే అవతలివాడికి కబురు వెళ్తుంది, డ్రాప్ అని పెడితే వెళ్లదు. మనకు కావాల్సింది డ్రాప్. ఈ ఒక్క మాట తేడాతో అంతకుముందు పాసైన సైట్ ఫెయిలవ్వవచ్చు.

సగం చచ్చినది

పూర్తిగా పోయినదాన్ని కనిపెట్టవచ్చు. సగం పోయినదే కష్టం. సెకనుకు గిగాబిట్ పంపాల్సిన నెట్‌వర్క్ కార్డు ఒక్కసారిగా కిలోబిట్ వేగానికి పడిపోయిన ఉదంతాలు పరిశోధకులు నమోదు చేశారు. డిస్క్‌లో పాడైన చోటును మళ్లీ మళ్లీ చదవడానికి ప్రయత్నిస్తూ ఒక్కో రీడ్‌కు సెకన్లు తీసుకోవచ్చు. వేడెక్కిన ప్రాసెసర్ తన వేగాన్ని తానే తగ్గించుకోవచ్చు. ఇలాంటి సర్వర్‌ను బతికే ఉన్నావా అని అడిగితే ఉన్నానంటుంది. ఆ జవాబివ్వడానికి డిస్క్‌ను ముట్టుకోనక్కర్లేదు మరి.

అది సైట్ మొత్తాన్ని ఎలా లాగేస్తుందో చిన్న లెక్క చెబుతాను. వెబ్ సర్వర్‌లో 200 థ్రెడ్‌లు ఉన్నాయి, ఒక్కోటి ఒకసారికి ఒక రిక్వెస్ట్‌నే చూసుకుంటుంది. సెకనుకు 20 రిక్వెస్ట్‌లు ఆ నెమ్మదించిన డేటాబేస్‌కు వెళ్తాయి. టైమౌట్ 30 సెకన్లు. వెళ్లిన ప్రతి రిక్వెస్ట్ ఒక థ్రెడ్‌ను 30 సెకన్లు పట్టుకుని కూర్చుంటుంది. పది సెకన్లలో 200 థ్రెడ్‌లూ అయిపోతాయి. ఇక ఆ డేటాబేస్‌తో సంబంధం లేని పేజీలు కూడా తెరుచుకోవు. ఇక్కడ టైమౌట్ ఒక సెకను పెట్టి ఉంటే ఎప్పుడు చూసినా 20 థ్రెడ్‌లే ఇరుక్కుని ఉండేవి.

ఈలోగా పేజీ రాలేదని మళ్లీ ప్రయత్నించేవాళ్లు తోడవుతారు. బ్రౌజర్‌లోని యాప్ మూడుసార్లు, దాని వెనక సర్వీస్ మూడుసార్లు, దాని వెనకది మూడుసార్లు ప్రయత్నిస్తే ఒక్క క్లిక్కుకు డేటాబేస్ మీద 27 దెబ్బలు. అసలే నెమ్మదించి ఉందేమో, గోరుచుట్టు మీద రోకటిపోటు అవుతుంది. 2011 ఏప్రిల్ 21న అమెజాన్ డిస్క్ సేవ ఈబీఎస్‌లో జరిగింది ఇలాంటిదే. నెట్‌వర్క్ మార్పులో పొరపాటున ట్రాఫిక్ అంతా తక్కువ సామర్థ్యం ఉన్న నెట్‌వర్క్ మీదికి మళ్లింది. డిస్కులకు తమ కాపీలతో సంబంధం తెగింది. నెట్‌వర్క్ బాగయ్యాక అన్నీ ఒకేసారి కొత్త కాపీ చేసుకోవడానికి ఖాళీ చోటు వెతకడం మొదలుపెట్టాయి. ఖాళీ అయిపోయింది. దొరకనివి వెతుకుతూనే ఉన్నాయి. అసలు తప్పును వెంటనే సరిచేశారు. కానీ దాన్నుంచి కోలుకోవాలన్న ప్రయత్నమే రోజుల తరబడి ఇబ్బంది పెట్టింది.

నెమ్మదించడాన్ని పరీక్షించడం సులువే. లినక్స్‌లో టీసీ అనే కమాండ్‌తో ఒక సర్వర్ నెట్‌వర్క్‌కు కావాలని 500 మిల్లీసెకన్ల ఆలస్యం కలపొచ్చు, నూటికి ఐదు ప్యాకెట్లు పోయేలా చేయొచ్చు. ఇంకో విండోలో ఆ ఒక్క అంకెను చూస్తూ ఉండాలి. నా మాట నమ్మి ఒక్క పరీక్షే చేస్తానంటే, ఇదే చేయండి.

డేటాబేస్, బ్యాకప్

వెబ్ సర్వర్లు పది ఉండొచ్చు, రాసే డేటాబేస్ సాధారణంగా ఒకటే. దానికి వేరే జోన్‌లో సిద్ధంగా ఉండే కాపీ పెడితే, అమెజాన్ ఆర్‌డీఎస్ లాంటి డేటాబేస్ సేవల్లో పెత్తనం మారడానికి మామూలుగా ఒకటి రెండు నిమిషాలు పడుతుంది. ఈ మార్పు పేర్లను అడ్రస్‌లుగా మార్చే డీఎన్ఎస్ ద్వారా జరుగుతుంది. పేరు అదే, దాని వెనక అడ్రస్ మారుతుంది. మన అప్లికేషన్ పాత అడ్రస్‌నే గుర్తుపెట్టుకుని కూర్చుంటే డేటాబేస్ రెండు నిమిషాల్లో లేచినా సైట్ లేవదు, ఎవరో రీస్టార్ట్ చేసేదాకా. పెత్తనం మార్చే బటన్ ఆ సేవల్లో ఉంటుంది. నొక్కి చూడాలి. అదే సమయంలో ఒక చిన్న ప్రోగ్రామ్‌తో ఒకటి, రెండు, మూడు అని వరుస అంకెలు రాయిస్తూ ఉండి, తర్వాత లెక్కపెడితే మధ్యలో ఏవి పోయాయో కచ్చితంగా తెలుస్తుంది. భరించగలమని కాగితం మీద రాసుకున్న హద్దుకూ, నిజంగా పోయినదానికీ ఎంత తేడా ఉందో అప్పుడు చూడొచ్చు.

బ్యాకప్ గురించి, గిట్‌హబ్ లాంటిదే అయిన గిట్‌ల్యాబ్ సంస్థ దాచకుండా చెప్పిన ఉదంతం ఒకటుంది. 2017 జనవరి 31న అలసిపోయి ఉన్న ఒక ఇంజనీర్ పొరపాటున అసలు డేటాబేస్ ఫోల్డర్‌నే చెరిపేశాడు. డిస్క్ పోయినా ఫలితం అదే కాబట్టి ఇక్కడ చెబుతున్నాను. రోజూ తీయాల్సిన బ్యాకప్ వెతికితే ఖాళీ. బ్యాకప్ తీసే ప్రోగ్రామ్ వెర్షన్, డేటాబేస్ వెర్షన్ కలవక ఎన్నాళ్లుగానో ఫెయిలవుతోంది. ఫెయిలైందని పంపిన ఈమెయిళ్లను మెయిల్ సర్వర్ తిప్పికొట్టేసింది. చివరికి వేరే పని కోసం ఆరు గంటల ముందు చేత్తో తీసి ఉంచిన ఒక స్నాప్‌షాట్, అంటే ఆ క్షణపు డేటా కాపీ, కాపాడింది. ఆ ఆరు గంటల్లో డేటాబేస్‌లో చేరిందంతా పోయింది. బ్యాకప్ జాబ్ ఆకుపచ్చగా కనబడటం పరీక్ష కాదు. దాన్ని ఖాళీ సర్వర్ మీదికి తెచ్చి, సైట్ లేపి, లాగిన్ అయి చూస్తేనే పరీక్ష. అందుకు ఎంతసేపు పట్టిందో కూడా రాసుకోవాలి. పెద్ద డేటాబేస్ అయితే కాపీ కావడానికే గంటలు పడుతుంది.

పట్టపగలు చేయాలి

నెట్‌ఫ్లిక్స్ కేయాస్ మంకీ అనే ప్రోగ్రామ్ గురించి 2010 చివర్లో బయటపెట్టి, 2012లో అందరికీ ఉచితంగా ఇచ్చింది. అసలు సైట్‌లో నడుస్తున్న సర్వర్లను అది ఎంచి చంపేస్తుంది. దాని పేరు అందరికీ తెలుసు. అది పని వేళల్లోనే నడుస్తుందన్న సంగతి తక్కువమందికి తెలుసు. దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలన్నట్టు, ఇంజనీర్లందరూ సీట్లలో ఉన్నప్పుడే లోపం బయటపడాలని. రాత్రి రెండింటికి నిద్రకళ్లతో లేచి, టెన్షన్‌లో, ఎప్పుడూ వాడని కమాండ్లు వెతుక్కోవడం కన్నా ఇది వెయ్యి రెట్లు నయం.

దీనర్థం మొదటి రోజే అసలు సైట్‌లో ఆపేయమని కాదు. ముందు టెస్ట్ సెటప్‌లో, తర్వాత అసలు సైట్‌లో ఒక్క సర్వర్ మీద, తర్వాత కొంచెం పెద్దగా. ప్రతిసారీ వెనక్కి తీసుకునే దారి చేతిలో ఉండాలి, అది పనిచేస్తుందని ముందే చూసి ఉండాలి. ఆ అంకె ఎంతకు పడితే ఆపేస్తామో ముందే అనుకోవాలి. ఇంకా పరీక్షించకముందే కూలుతుందని తెలిసిన భాగాన్ని పరీక్షించడం అనవసరం. ముందు బాగుచేయండి. టెస్ట్ సెటప్ మాత్రమే చాలనేవాళ్లతో నేను ఏకీభవించను. అక్కడ అసలు రద్దీ ఉండదు, కాబట్టి పైన చెప్పిన 120 శాతం లెక్క అక్కడ ఎప్పటికీ కనబడదు.

పరీక్షలో మనుషుల్ని, వాళ్ల పనిముట్లను కూడా చేర్చాలి. 2017 ఫిబ్రవరి 28న అమెజాన్‌లో ఫైళ్లు దాచే సేవ ఎస్3 ఆగినప్పుడు, సేవల పరిస్థితి చూపే వాళ్ల పేజీని కూడా కాసేపు మార్చలేకపోయారు, అదీ ఎస్3 మీదే ఆధారపడి ఉంది కాబట్టి. ఫేస్‌బుక్ ఏకంగా డేటా సెంటర్లనే ఆపి చూసే పరీక్షలు చాలా ఏళ్లుగా చేసేది. 2021 అక్టోబర్ 4న డేటా సెంటర్లను కలిపే నెట్‌వర్క్ మొత్తం ఒక్కసారిగా తెగిపోయింది. అంతటి పరీక్ష తాము ఎన్నడూ చేయలేదని తర్వాత రాశారు. బాగుచేయడానికి వాడే లోపలి టూల్స్ కూడా ఆ నెట్‌వర్క్ మీదే ఉండటంతో ఇంజనీర్లు స్వయంగా డేటా సెంటర్లకు వెళ్లాల్సి వచ్చింది. మీ అలర్ట్‌లు ఏ సర్వర్ నుంచి వస్తాయి? పాస్‌వర్డ్‌లు ఎక్కడ దాచారు? సైట్ పడిపోయినప్పుడు ఏం చేయాలో రాసి పెట్టిన పేజీ ఆ సైట్‌తో పాటే పడిపోతుందా?

పరీక్ష అయ్యాక రాసుకోవాల్సినవి ఎక్కువేం లేవు. ఎన్నింటికి ఆపాం, ఎన్నింటికి తెలిసింది, మనకు అలర్ట్ వచ్చి తెలిసిందా, వాడేవాళ్లు ఫిర్యాదు చేస్తే తెలిసిందా, ఎన్నింటికి కోలుకుంది. ఈ వారం పాసైంది వచ్చే నెల పాసవ్వాలని లేదు. ఎవరో టైమౌట్ మార్చి ఉంటారు, కొత్త సర్వీస్ ఏదో చేరి ఉంటుంది. అందుకే చిన్న పరీక్షలను వారానికోసారి తమంతట తాము నడిచేలా పెట్టుకోవడం మంచిది.

చాలామంది వదిలేసేది తిరుగు ప్రయాణం. మొదటి సర్వర్‌ను మళ్లీ లేపి, రెండోచోట చేరిన డేటాను దానికి అందించి, పెత్తనం తిరిగి ఇవ్వడం. గిట్‌హబ్‌కు ఆ 24 గంటల్లో ఎక్కువ భాగం పట్టింది ఇటు రావడానికే. పశ్చిమానికి వెళ్లడం సెకన్లలో అయిపోయింది. బ్యాకప్‌లు నాలుగు గంటలకోసారి తీసినవే ఉన్నాయి, కానీ టెరాబైట్ల కొద్దీ డేటాను వెనక్కి తెచ్చి, అది సరిగ్గా ఉందో చూసి, మిగతా మార్పులు అందుకునేదాకా ఆగాల్సి వచ్చింది. ఆ తర్వాత వాళ్లు చేసిన మార్పుల్లో ఒకటి, ఒక తీరం నుంచి ఇంకో తీరానికి డేటాబేస్ పెత్తనం దానంతటది మారకుండా ఆ ప్రోగ్రామ్ సెట్టింగు మార్చడం.